కడిగిన నేల మళ్లీ ఎందుకు తెల్లబడుతుంది?

తాతల నాటి ఇల్లు ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. హాల్లో పూలబిళ్లల నేల ఉంటుంది. సంక్రాంతికి ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని కడుగుతారు. తడిగా ఉన్నంతసేపు ఎరుపు, నలుపు, పసుపు రంగులు నిన్ననే పరిచినట్టు కనిపిస్తాయి. ఆరాక తెల్లటి మసక కమ్ముకుంటుంది. మర్నాడు మళ్లీ కడిగితే ఆ మసక ఇంకాస్త చిక్కబడుతుంది. ఇంతలో ఎవరో ఒకరు బాత్రూం యాసిడ్ పొయ్యమని సలహా ఇస్తారు. పొయ్యగానే బుసబుసా నురగ లేస్తుంది. మురికి కరిగిపోతోందని సంబరపడతారు. నెల తిరక్కుండా నేల గరుకెక్కి, రంగు వెలిసి, మునుపటికన్నా తెల్లగా తయారవుతుంది.

ఆ తెలుపు బయటి నుంచి వచ్చి పడిన మురికి అయితే ఒకసారి కడిగితే పోవాలి. పోవడం లేదంటే అది లోపలి నుంచి వస్తోందన్నమాట. అందుకని నేలను బాగుచెయ్యాలంటే ముందు రెండు సంగతులు తెలియాలి. మన కాళ్ల కింద ఉన్నది దేనితో తయారైంది? దానిలోంచి నీరు ఎటు నుంచి ఎటు పోతోంది? సబ్బు, బ్రష్షు ఆ తర్వాతి మాట.

మట్టి, సున్నం, సిమెంటు

గోదావరి జిల్లాల పాత లోగిళ్లలో అన్నిటికన్నా ముందుది సున్నపు గచ్చు. సున్నం, ఇసుక, ఇటుక పొడి గానుగలో వేసి తిప్పేవారు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు చేర్చి నేల మీద పరిచి, కొట్టి కొట్టి నునుపు తేల్చేవారు. తడి సున్నం గాల్లోని బొగ్గుపులుసు వాయువును కొద్దికొద్దిగా కలుపుకుని మళ్లీ సున్నపురాయి అవుతుంది. అందుకే సున్నపు గచ్చు ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది.

రెండోది కాల్చిన మట్టి బిళ్ల. దీనికి పేరు తెచ్చింది 1837 నుంచి 1901 దాకా సాగిన విక్టోరియా రాణి కాలపు ఇంగ్లాండు. ఒక రంగు మట్టిలో పువ్వు ఆకారంలో గుంట నొక్కి, ఆ గుంటలో వేరే రంగు మట్టిని జారుగా పోసి నింపి, ఆరబెట్టి, పైభాగం గీకి చదును చేసి, బట్టీలో కాలుస్తారు. ఇంగ్లీషులో దీన్ని ఎన్‌కాస్టిక్ టైల్ అంటారు. మనం పొదుగు బిళ్ల అనుకోవచ్చు. మధ్యయుగాల ఐరోపా మఠాల్లో ఉండి మరుగున పడిన ఈ పనితనానికి 1830లో శామ్యూల్ రైట్ పేటెంటు తీసుకున్నాడు. స్టోక్ ఆన్ ట్రెంట్ పట్టణంలోని హెర్బర్ట్ మింటన్ దాన్ని పెద్ద పరిశ్రమగా మార్చాడు. 1840లో రిచర్డ్ ప్రాసర్ పొడిమట్టిని అచ్చులో గట్టిగా నొక్కి బిళ్లలు చేసే పద్ధతి కనిపెట్టాక ఉత్పత్తి బాగా పెరిగింది. వాషింగ్టన్‌లోని అమెరికా పార్లమెంటు భవనంలో 1856 నుంచి పరిచినవి మింటన్ బిళ్లలే. ముంబైలోని ఆఫ్ఘన్ చర్చికి కూడా ఇంగ్లాండు బిళ్లలు ఓడల్లో వచ్చాయి. వెయ్యి డిగ్రీల వేడికి మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలా కాలిన మట్టి మళ్లీ నీటిలో నానబెట్టినా బురద కాదు.

మూడోది మన డెల్టాలో ఎక్కువగా కనిపించే సిమెంటు బిళ్ల. చూడ్డానికి విక్టోరియా బిళ్లలాగే ఉంటుంది గాని బట్టీ మొహం చూడలేదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో దక్షిణ ఫ్రాన్సు, స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతాల్లో ఇది పుట్టింది. ఇనప చట్రంలో గళ్లున్న అచ్చు పెట్టి, ఒక్కో గడిలో ఒక్కో రంగు సిమెంటు జావ గరిటెతో పోస్తారు. అచ్చు పైకి లాగేసి, పైన పొడి సిమెంటు, ఇసుక చల్లుతారు. అది రంగు జావలోని అదనపు నీటిని పీల్చుకుంటుంది. వెనకవైపు ముతక సిమెంటు నింపి, నీటి ఒత్తిడితో పనిచేసే ప్రెస్సులో నొక్కి, తర్వాత నీళ్ల తొట్టిలో నానబెడతారు. సిమెంటు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, నీటితో జరిగే రసాయన చర్య వల్ల. ఆ చర్యలో సిమెంటు బిళ్ల కడుపులో కొంత సున్నం కూడా పుడుతుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీనితో పని ఉంది.

మన దేశంలో ఈ బిళ్లలకు స్వదేశీ చరిత్ర ఉంది. విదేశీ టైల్స్‌కు పోటీగా 1922లో ఫిరోజ్‌షా సిధ్వా బొంబాయిలో భారత్ టైల్స్ సంస్థ పెట్టారు. తమిళనాడులోని చెట్టినాడు ప్రాంతంలో ఆత్తంగుడి ఊరివాళ్లు ప్రెస్సు కూడా లేకుండా, అద్దం పలక మీద రంగు సిమెంటు పోసి బిళ్లలు చేస్తారు. ఆ నునుపు అద్దం నుంచి వచ్చిందే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పంటలు పెరిగి, డబ్బు చేరి, మండువా లోగిళ్లు, మేడలు లేచాయి. తర్వాతి తరాలవాళ్లు వాటిలో సున్నపు గచ్చు తీసి సిమెంటు బిళ్లలు, ఎర్ర గచ్చు వేయించుకున్నారు. ఎర్ర గచ్చు అంటే సిమెంటులో రెడ్ ఆక్సైడ్ కలిపిందే కాబట్టి దాన్నీ సిమెంటు బిళ్ల లెక్కలోనే చూడాలి.

మీ ఇంట్లోది ఏది?

తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఊడివచ్చిన బిళ్లో, గడప పక్కన పగిలిన అంచో ఉంటే చూడండి. పైన రంగు పొర, కింద బూడిద రంగు సిమెంటు కనిపిస్తే అది సిమెంటు బిళ్ల. పొరపొరనా మట్టి రంగులే ఉంటే కాల్చిన బిళ్ల. కొలత కూడా కొంత చెబుతుంది. సిమెంటు బిళ్లలు ఎక్కువగా ఎనిమిది అంగుళాల చదరాలు. విక్టోరియా నేలల్లో ఆరంగుళాల పొదుగు బిళ్లలతో పాటు చిన్న చిన్న చదరాలు, త్రికోణాలు, ఎనిమిది పలకల ముక్కలు కలిపి ముగ్గు కూర్చేవారు.

అంచు కనిపించకపోతే బీరువా వెనక మూల ఒక నిమ్మరసం చుక్క వెయ్యండి. చిన్న బుడగలు వస్తే అక్కడ సున్నం ఉన్నట్టు, అంటే సిమెంటు లేదా గచ్చు. ఏమీ జరక్కపోతే కాల్చిన మట్టి, లేదా పైన ఏదో పూత ఉంది. చూసిన వెంటనే తడిగుడ్డతో తుడిచెయ్యాలి. పూత ఉందో లేదో నీటిచుక్క చెబుతుంది. చుక్క ఇంకి మచ్చ పడితే రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయి. గుండ్రంగా నిలబడితే మైనమో, నూనో, వార్నిషో ఉంది.

మూడో పరీక్ష చెమ్మకు. గజం పొడవు, గజం వెడల్పు ప్లాస్టిక్ పట్టా పరిచి నాలుగు అంచులూ టేపుతో అంటించి, ఒక రోజు వదిలెయ్యండి. తీసినప్పుడు పట్టా అడుగున నీటి బిందువులు ఉంటే, లేదా కింద నేల నల్లబడితే, భూమిలోంచి చెమ్మ పైకి వస్తోంది. డెల్టాలో పాత ఇళ్లకు ఈ పరీక్ష తప్పకుండా చెయ్యాలి.

మన హాల్లో ఉప్పుమడి

సన్నటి రంధ్రాలున్న ఏ వస్తువైనా నీటిని పైకి లాగుతుంది. బడి పుస్తకాల్లో దీని పేరు కేశనాళిక చర్య. రంధ్రం ఎంత సన్నమైతే నీరు అంత ఎత్తు ఎక్కుతుంది. సిమెంటు బిళ్ల, ఇటుక, సున్నపు పరుపు, కింద మట్టి, అన్నిటా ఇలాంటి దారులే. పాత ఇళ్లలో నేల కింద నీటిని ఆపే పొర ఉండదు. డెల్టా ఊళ్లలో కాలువలు వదిలాక, పోలవరం లాంటి ఏటిగట్టు ఊళ్లలో గోదారి నిండాక, భూగర్భజలం పైకొస్తుంది. ఆ నీరు ఒంటరిగా రాదు. మట్టిలోని, సిమెంటులోని లవణాలను కరిగించి వెంట తెచ్చుకుంటుంది. ఒకప్పుడు పశువుల పాక ఉన్న చోటయితే నైట్రేట్లు కూడా ఉంటాయి.

తర్వాత జరిగేది కాకినాడ తీరాన ఉప్పుమడుల్లో జరిగేదే. మడిలోకి సముద్రపు నీరు పెడతారు. ఎండ, గాలి నీటిని ఎగరేసుకుపోతాయి. ఉప్పు ఎగరలేదు గనక మడిలో మిగిలిపోతుంది. మన బిళ్ల పైభాగమూ ఒక చిన్న మడే. కింది నుంచి ఉప్పునీరు వస్తుంది, పైన ఫ్యాను గాలికి నీరు ఆవిరవుతుంది, తెల్లటి పొడి మిగులుతుంది. దీన్ని ఉప్పు పూత అందాం. ఇంగ్లీషులో ఎఫ్లోరెసెన్స్.

ఈ పోలిక పట్టుకుంటే చాలా సందేహాలు తీరతాయి. కడిగిన కొద్దీ ఎందుకు తెల్లబడుతోంది? కడగడమంటే మడిలో కొత్తగా నీరు పెట్టడమే. పైనున్న ఉప్పును కరిగించి మళ్లీ లోపలికి పంపుతాం, లోపలిదాన్ని కూడా తడుపుతాం. ఆరేటప్పుడు అంతా కలిసి పైకి వస్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే కోనసీమ ఊళ్లలో అయితే కడిగే నీళ్లతోనే కొత్త ఉప్పు కూడా పోస్తున్నాం. ఉప్పు పండించేవాడు పంటను ఆరిన గళ్లుగా గుంజుకుంటాడే గాని దాని మీద నీళ్లు పొయ్యడు. మనమూ పొడిగా ఉన్నప్పుడే ఊడవాలి.

గాలి ఆడని చోట ఎందుకు తక్కువ తెల్లబడుతుంది? అక్కడ ఆవిరి తక్కువ, పంటా తక్కువ. గడప దగ్గర, కిటికీ కింద, ఫ్యాను కింద ఎక్కువ తెల్లబడటానికి కారణం కూడా ఇదే.

ఉప్పు పూత చూడ్డానికే బాగుండదు. లోపల జరిగేదానితో పోలిస్తే అది చిన్న బాధ. మామూలు ఉప్పు గాల్లో తేమ 75 శాతం దాటితే నీటిని పీల్చుకుని కరుగుతుంది, తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. వానాకాలంలో ఉప్పుజాడీ చెమర్చేది ఇందుకే. మన తీర జిల్లాల్లో గాలితేమ ఆ గీతకు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. అందుకే నేల ముసురులో నల్లగా, ఎండల్లో తెల్లగా కనిపిస్తుంది. ప్రతి మార్పుకూ రంధ్రాల్లో స్ఫటికాలు కరిగి, మళ్లీ పెరిగి, గోడల్ని నెడతాయి. సోడియం సల్ఫేటు మరీ మొండిది. సుమారు 32 డిగ్రీల దిగువన అది నీటిని తనలో ఇముడ్చుకుని గడ్డకడితే పరిమాణం మూడింతలు దాటుతుంది. ఏళ్లు గడిచేసరికి బిళ్ల పైపొర పెచ్చులుగా లేస్తుంది.

యాసిడ్ నురగలో కరిగేది ఏమిటి?

ఇప్పుడు సిమెంటు బిళ్ల కడుపులోని సున్నం దగ్గరికి వద్దాం. బాత్రూంలకు వాడే యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది సున్నాన్ని, సున్నపురాయిని కరిగిస్తుంది. పాత బిళ్లలోని సున్నం చాలావరకు సున్నపురాయిగా మారి ఉంటుంది కాబట్టి బొగ్గుపులుసు వాయువు నురగై పొంగుతుంది. అంటే ఆ నురగలో పోతున్నది మురికి కన్నా బిళ్ల చర్మమే ఎక్కువ. రంగు పొర మందం మూడు నాలుగు మిల్లీమీటర్లే. కరిగిన చోట కొత్త రంధ్రాలు తెరుచుకుంటాయి, మురికి మరింత తేలిగ్గా పడుతుంది.

కథ అక్కడితో ఆగదు. ఆ చర్యలో కాల్షియం క్లోరైడు పుడుతుంది. అది గాల్లోంచి తేమ లాగడంలో మామూలు ఉప్పును మించిపోయింది. గాలితేమ 30 శాతం ఉన్నా చెమరుస్తుంది. గోదావరి తీరాన అంత పొడిగాలి వీచే రోజులు అరుదు. కాబట్టి యాసిడ్ పడిన నేల ఎప్పటికీ పూర్తిగా ఆరదు. పైగా బజారు యాసిడ్‌లో పసుపు రంగుకు కారణమైన ఇనుము బిళ్ల మీద తుప్పు మరకగా మిగులుతుంది. విక్టోరియా మట్టి బిళ్ల యాసిడ్‌కు తట్టుకుంటుంది గాని సందుల్లోని సున్నం తట్టుకోదు. సందు కరిగితే బిళ్ల కదులుతుంది.

చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ కూడా ఆమ్లాలే. ఇత్తడి చెంబుకు మెరుపు తెచ్చే చింతపండు సిమెంటు నేల మీద ఒక పూట ఉంటే మెరుపు పోయిన మచ్చ మిగులుతుంది. కుంకుడు రసం మంచిదని కొందరంటారు. అదీ కొంచెం పులుపు వైపే ఉంటుంది కాబట్టి రోజూ వాడటానికి పనికిరాదు. చాకలి సోడా ఆమ్లం కాదు గాని సోడియం లవణాలు వదిలి వెళ్తుంది. అవే రేపటి ఉప్పు పూత. బట్టల సబ్బు సున్నంతో కలిసి జిడ్డు పొర కడుతుంది. మిగిలింది పులుపూ కారమూ కాని మెత్తటి ద్రవం, అంటే గిన్నెలు తోమే లిక్విడ్ లాంటిది. బకెట్టు నీటికి ఒక చెంచా చాలు.

కడిగే వరుస

ముందు పొడిగా మెత్తటి చీపురుతో తెల్లపొడి ఊడ్చి చేటలోకి ఎత్తి ఇంటి బయట, నీళ్లు తిరిగి గోడ వైపు రాని చోట పారేయాలి. ఇసుక రేణువులు కూడా ఈ విడతలోనే పోవాలి. ఇసుకలోని క్వార్ట్జు సిమెంటు బిళ్లకన్నా చాలా గట్టిది. దాన్ని ఉంచి రుద్దితే రంగు పొరను మనమే గీకుతున్నాం. పెయింటు చుక్కలు, సిమెంటు మరకలు ఉంటే చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ పలకతోనో లేపాలి. ఇనప కత్తి, స్టీలు పీచు వద్దు. స్టీలు పీచు తునకలు రంధ్రాల్లో ఇరుక్కుని తుప్పు చుక్కలవుతాయి.

పాత మైనం పొర ఉంటే మినరల్ టర్పెంటైన్ గుడ్డకు అద్ది తుడవాలి. ఆ పని చేసేటప్పుడు కిటికీలన్నీ తెరిచి ఉండాలి, వంటింట్లో పొయ్యి వెలగకూడదు.

ఇక తడి పని. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదానిలో లిక్విడ్ నీళ్లు, రెండోదానిలో మంచినీళ్లు. లోపలి మూల నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు రండి. ఒక్కసారి గజం చదరమే తడపాలి. పది నిమిషాలు నాననిచ్చి, కొబ్బరిపీచుతోనో నైలాన్ బ్రష్షుతోనో రుద్ది, ఆ మురికినీరు సందుల్లోకి ఇంకకముందే గుడ్డతో ఎత్తెయ్యాలి. మంచినీటి గుడ్డతో రెండుసార్లు తుడిచి, పొడి నూలు గుడ్డతో ఆర్పాలి. ఆఖరి తుడుపుకు వాననీరో, కుళాయిలో వచ్చే గోదారి నీరో మేలు. హాలంతా ఒకేసారి నీళ్లతో నింపి చీపురుతో తోసే పద్ధతి ఈ నేలకు పనికిరాదు.

మరకలకు ఒక్కోదానికి ఒక్కో దారి. గడప దగ్గరి పసుపు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పసుపు, సున్నం కలిపితే పారాణి అయ్యేది ఇలాగే. పసుపులోని రంగుపదార్థం వెలుతురుకు నిలవదు. కాబట్టి తుడిచి, తలుపు తీసి కొన్నాళ్లు ఎండ పడనిస్తే చాలావరకు దానంతట అదే వెలిసిపోతుంది. దేవుడి మూల నూనె మరకకు పట్టు వెయ్యాలి. సుద్దపొడి లేదా ముల్తానీ మట్టిని లిక్విడ్ కలిపిన నీటితో ముద్దచేసి, మరక మీద వేలెడు మందాన పరిచి, ఒక రోజు ప్లాస్టిక్ కప్పి ఉంచి, తర్వాత ఆ ప్లాస్టిక్ తీసి ముద్దను ఆరనివ్వాలి. ఆరేటప్పుడు నూనె పొడిలోకి ఎక్కుతుంది. అవసరమైతే మళ్లీ వెయ్యాలి.

బీరువా కాళ్ల కింది తుప్పుకు కొందరు పాలిష్ పనివాళ్లు ఆక్సాలిక్ యాసిడ్ వాడతారు. అది తుప్పును లాగేసే మాట నిజమే. కానీ అదీ ఆమ్లమే, పైగా విషం. పిల్లలు, పశువులు తిరిగే ఇంట్లో దాని జోలికి పోకుండా, కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టి మరక పెరగకుండా చూసుకోవడం మంచిది. మొజాయిక్ పాలిష్ మెషిను విషయంలోనూ జాగ్రత్త ఉండాలి. మెషిను ఎక్కిన ప్రతిసారీ రంగు పొర కొంత అరుగుతుంది, ఆ పొర మళ్లీ పెరిగేది కాదు.

ఉప్పు పూత మరీ ఎక్కువగా ఉంటే దానికీ పట్టు ఉంది. పాత న్యూస్‌పేపర్లు మంచినీళ్లలో నానబెట్టి, మెత్తగా గుజ్జు చేసి, బిళ్లల మీద పరిచి ఆరనివ్వండి. నీరు బిళ్లలోకి దిగి, లోపలి ఉప్పును కరిగించి, ఆరుతున్న గుజ్జులోకి ఎక్కుతుంది. మడిని బిళ్ల మీంచి కాగితంలోకి మార్చామన్నమాట. ఎండిన గుజ్జు ఉప్పుతో సహా ఎత్తి పారేయొచ్చు.

వరద ఎర్రనీరు తీశాక

పోలవరం గోదారి కుడిగట్టున, పాపికొండలు దాటి నది మైదానంలో అడుగుపెట్టే చోట ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు గట్లు తెగి ఊళ్లకు ఊళ్లు మునిగాయి. 2022 జులైలో మళ్లీ పెద్ద వరద వచ్చింది. వరద తీసిన ఇంట్లో మొదట కనిపించేది నేల కాదు, దాని మీద ఒండ్రు. ఆ ఒండ్రు ఎలా తీశామన్న దాని మీదే నేల బతుకు ఆధారపడుతుంది.

ఒండ్రులో మెత్తటి బంకమట్టి రేణువులు, గట్టి ఇసుక రేణువులు కలిసి ఉంటాయి. తడిగా ఉండగా మంచినీళ్లు మెల్లగా పోసి రబ్బరు పలకతో తోస్తే రెండూ పోతాయి. ఎండనిస్తే బంకమట్టి రంధ్రాల్లో బిగుసుకుంటుంది. దాన్ని వదిలించడానికి బ్రష్షు పడితే ఇసుక నేలను గీకేస్తుంది. కాబట్టి నీరు తీసిన రోజే ఒండ్రు తియ్యాలి.

బ్లీచింగ్ పౌడరు ఎప్పుడు? బురద పూర్తిగా పోయాక. బురదలో కుళ్లే పదార్థం ఉన్నంతవరకు క్లోరిను దాని మీదే ఖర్చయిపోతుంది, క్రిములదాకా చేరదు. చల్లి, కాసేపు ఉంచి, మంచినీళ్లతో కడిగెయ్యాలి. బ్లీచింగ్‌తో యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు. రెండూ కలిస్తే క్లోరిను వాయువు వస్తుంది. తలుపులు మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది.

తర్వాత ప్రతి బిళ్ల మీదా వేలితో కొట్టి వినండి. డొల్ల శబ్దం వస్తే కింద ఇసుక పరుపు జారిపోయిందని అర్థం. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, ఎవరూ బరువు పెట్టకుండా చూడాలి. ఇల్లు ఆరడానికి నెలలు పడుతుంది. ఈలోగా రెక్సిన్ గాని ప్లాస్టిక్ చాప గాని పరిస్తే నీటికి దారి మూసుకుని చెమ్మ గోడలెక్కుతుంది.

పైపూత వెయ్యాలా?

దుకాణంలో అమ్మే గట్టి వార్నిషులు, ఎపాక్సీ పూతలు నేలను అద్దంలా చేస్తాయి. పట్టా పరీక్షలో చెమ్మ లేని నేలకైతే అవి కొంతకాలం బాగానే ఉంటాయి. చెమ్మ ఉన్న నేలకు మాత్రం చేటు. నీరు పైకి రాలేక పూత కిందే ఆగుతుంది, ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. కొన్నాళ్లకు పూత పొరలుగా లేస్తుంది, దాంతోపాటు బిళ్ల రంగు కూడా. చెమ్మ ఆపే పొర లేకుండా నేల మీదే పరిచిన విక్టోరియా బిళ్లల ఇళ్లలో ఇంగ్లాండువాళ్లకూ ఇదే తలనొప్పి.

మన పెద్దవాళ్లు ఎర్ర గచ్చుకు కొబ్బరినూనె రాసేవారు. మెరుపు వస్తుంది గాని కొబ్బరినూనె ఎన్నాళ్లకూ ఆరదు, దుమ్ము పట్టి నల్లబడుతుంది. అవిసెనూనె గాల్లోని ప్రాణవాయువును కలుపుకుని గట్టిపడుతుంది. అందుకే పలుచగా, గుడ్డతో రాసి, మిగిలింది తుడిచేస్తే అది నయం. కానీ ఆ గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో వేడి పోవడానికి దారి లేక గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. నీళ్లలో ముంచి, ఆరుబయట పరచాలి.

ఊడదీసిన బిళ్లలకు రెండో బతుకు

ధవళేశ్వరం బ్యారేజీకి 42 కిలోమీటర్ల ఎగువన, పోలవరం మండలం రామయ్యపేట దగ్గర గోదారి మీద ఆనకట్ట ప్రాజెక్టు కడుతున్నారు. దాని కోసం రామయ్యపేట, పైడిపాక లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ముంపు ఊళ్లలోనే కాదు, డెల్టా అంతటా పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కడుతున్నారు. ఇల్లు విప్పేటప్పుడు టేకు దూలాలు, ద్వారబంధాలు, బెంగుళూరు పెంకులు జాగ్రత్తగా దించుతారు. నేల దగ్గరికి వచ్చేసరికి గునపం దిగుతుంది. చాలాచోట్ల ఆ అవసరం లేదు.

బిళ్ల కింద ఉన్నది సున్నపు పరుపయితే అది బిళ్లకన్నా మెత్తన. గోడ వారగా ఒక బిళ్లను త్యాగం చేసి, ఆ సందులోంచి వెడల్పు ఉలి అడ్డంగా పెట్టి లేపితే మిగిలినవి చాలావరకు ముక్క కాకుండా వస్తాయి. గట్టి సిమెంటు పరుపయితే బిళ్లే ముందు పగులుతుంది. తియ్యకముందు నేలను ఫొటో తీసుకుని, ఊడదీసిన ప్రతి బిళ్ల వెనక వరస నంబరు రాయాలి. అంచు బిళ్లలు, మూల బిళ్లలు విడిగా కట్టాలి. ముగ్గు కుదరాలంటే అవే కీలకం. అమెరికా పార్లమెంటు నేల అరిగిపోయినప్పుడు అక్కడివాళ్లు పాత నమూనాలకు సరిపోయే బిళ్లలు ఇంగ్లాండులో మళ్లీ చేయించుకోవాల్సి వచ్చింది. మనకు తక్కువ పడితే ఆత్తంగుడి పనివాళ్లకు నమూనా ఇచ్చి చేయించుకోవచ్చు. తలుపు వెనక, అల్మరా కింద ఉన్న మంచి బిళ్లల్ని నడిమికి మార్చి, కొత్తవి మూలలకు వెయ్యొచ్చు.

కొత్త చోట పరిచేటప్పుడు అడుగున ముతక కంకర రాళ్లు జానెడు మందాన పొయ్యండి. పెద్ద ఖాళీల్లోంచి నీరు పైకెక్కలేదు, కాబట్టి చెమ్మ అక్కడే ఆగుతుంది. పైన సున్నం, ఇటుక పొడి, ఇసుక పరుపు. బిళ్లను పరిచేముందు తడపాలి, లేకపోతే అది పరుపులోని నీటిని లాగేసుకుని అతుక్కోదు. సందులు కూడా సున్నంతోనే నింపాలి. రేపు ఏ బిళ్లయినా మార్చాల్సి వస్తే మళ్లీ ముక్క కాకుండా లేస్తుంది.

మొదటి ఏడాది పైపూత ఏదీ వద్దు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడవనివ్వండి. తెల్లపొడి వచ్చిన ప్రతిసారీ పొడిగా ఊడ్చి ఎంత వస్తోందో కంటితో గమనించండి. విడతవిడతకూ తగ్గుతుంటే బిళ్లల్లో మిగిలిన పాత ఉప్పు బయటికి పోతోంది, నేల దారిలో పడింది. తగ్గకపోతే ఇక నేలను రుద్దడం ఆపి బయటికి వెళ్లి చూడండి. చూరునీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా, పెరడు ఇంటి వైపు వాలి ఉందా, బాత్రూం గొట్టం ఎక్కడైనా కారుతోందా? ముందు అది సరిచెయ్యాలి. నీటి దారి మారందే నేల రంగు మారదు.